వంకాయ రంగు చుక్కలు

పళ్ళెం మూత తీయగానే భూతద్దం మేడమ్‌ మళ్ళీ టక్కున మూసేసింది.

ఆసుపత్రిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. కంటికి కనిపించని క్రిములను పట్టుకుని, ‘ఫలానా నువ్వే కదూ!’ అని నిలదీయడం ఆమె ఉద్యోగం. రోగి రక్తాన్ని సీసాలోని రసంలో కలిపి వెచ్చటి పెట్టెలో పెడుతుంది. రక్తంలో క్రిమి ఉంటే ఆ రసం తాగి బలుస్తుంది. దాన్ని తీసి గాజు పళ్ళెం మీద గీస్తే, మర్నాటికి చుక్కలు చుక్కలుగా మొలుస్తుంది. ఇలా క్రిముల్ని పెంచడాన్నే కల్చర్ అంటారు.

“రసం క్రిములకీ, నీరసం నాకూ! అయినా ఈ ఊళ్ళో కల్చర్ అంటూ మిగిలింది నా గదిలోనే” అనేది ఆమె రోజూ పేల్చే జోకు.

ఇవాళ జోకు పేలలేదు. గుండె పేలేలా ఉంది.

పళ్ళెం నిండా వంకాయ రంగు చుక్కలు. బట్ట మీద అద్దకం వేసినంత అందంగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూసింది. ఒకదాని తర్వాత ఒకటి పరీక్షలన్నీ చేసింది. అన్నీ ఒకే మాట చెప్పాయి.

మనలాగే క్రిములకూ ముందు ఇంటిపేరు, వెనక అసలు పేరు. దీని ఇంటిపేరుకు అర్థం రంగు. పేరుకు అర్థం ఊదా. వింటే బట్టలకొట్టు గుర్తొస్తుంది. ఒంట్లో దూరిందంటే మాత్రం మనిషిని మూటకట్టి పంపించేస్తుంది.

పసిపిల్లల వార్డులో ఒళ్ళు కాస్త వెచ్చబడిందని ముగ్గురు బిడ్డల రక్తం పంపారు. ముగ్గురిదీ ఇదే కథ. ఆ మూడో బిడ్డ ఆమె సొంత చెల్లెలి కూతురు.

“మందు ఈ ఊళ్ళో లేదు. ఎల్లుండి పొద్దున వస్తుంది. రాగానే సూది వేసేస్తా” అన్నాడు పిల్లల డాక్టరు.

“ఆ మందు వేస్తే చెవులు పోతాయంటారు కదా సార్?”

“పోవచ్చు. వేయకపోతే పిల్లే పోతుంది. చెవులా, ప్రాణమా అంటే నన్నేం చెప్పమంటారు మేడమ్?”

“పాలు బాగానే తాగుతోందట...”

“ఇది అలాగే మోసం చేస్తుంది. ఈ పూట కేరింతలు కొడతారు. మరో పూటకి...” మిగతా మాట వినకుండానే ఆమె వార్డు వైపు నడిచింది.

వార్డులో చెల్లెలు పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ముక్కు టమాటాలా అయింది. పిల్ల మాత్రం పెద్దమ్మ వేలు దొరకగానే గుప్పిట్లో బిగించింది. వదిలితేనా! పాత అప్పులవాడు కూడా అంత గట్టిగా పట్టుకోడు.

“నువ్వెప్పుడైనా పొరపాటు పడ్డావా అక్కా?”

“లేదే.”

“ఈ ఒక్కసారికీ పడకూడదూ? అదుగో, ‘ఇంకోసారి చూడవూ పెద్దమ్మా’ అని అడుగుతోంది చూడు.”

భూతద్దం మేడమ్‌ ఒక్కసారి పిల్ల మొహంలోకి చూసింది. వేలు మెల్లగా విడిపించుకుంది. గబగబా మెట్లు దిగింది.

తిన్నగా తన గదికి వచ్చింది. ఫ్రిజ్‌లోంచి కొత్త సీసా తీసింది. రసం తేటగా ఉంది. ఆ రసం ఆమె స్వయంగా వండినదే. వార్డు సీసాలన్నింటికీ అదే వాయి. సీసాను వెచ్చటి పెట్టెలో పెట్టి, తలుపు మూసి, దానికి నుదురు ఆనించి కాసేపు అలాగే నిలబడింది.

ఊడుస్తున్న అటెండరు తొంగి చూశాడు. “సీసా మీద పేరేదమ్మా?”

“పిల్లకే ఇంకా పేరు పెట్టలేదు బాబాయ్” అంది ఆమె.

మర్నాటికి రసం మబ్బు పట్టింది. ఆమె మొహమూ అంతే. అందులోంచి ఒక్క చుక్క తీసి పళ్ళెం మీద గీసింది. ఆ పూట అన్నం సహించలేదు. ఫోను మోగినప్పుడల్లా వార్డు నుంచేనేమోనని ఉలిక్కిపడింది. వార్డుకు వెళ్ళబోయి, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చేసింది.

ఎల్లుండి కాస్తా ఇవాళ అయింది. మందు బండి వచ్చేసిందని కబురు తెచ్చాడు అటెండరు. ఆమె పళ్ళెం మూత ఎత్తింది.

వంకాయ రంగు చుక్కలు.

“అయ్యో తల్లీ! మళ్ళీ అదేనా?” అటెండరు గుండె మీద చెయ్యేసుకున్నాడు.

ఆమె గబగబా పరీక్షలు చేసింది. అదే ఇంటిపేరు. అదే పేరు.

భూతద్దం మేడమ్ నవ్వింది. నవ్వుతూనే బావురుమంది. కళ్ళు తుడుచుకోకుండానే పళ్ళెం ఎత్తుకుని వార్డు వైపు పరుగు తీసింది. ‘పాపం, మతి పోయింది’ అనుకుంటూ అటెండరు చీపురుతో సహా వెనకే పరుగెత్తాడు.

ఉయ్యాల పక్కన డాక్టరు సూదిలోకి మందు ఎక్కిస్తున్నాడు. చెల్లెలు గోడ వైపు తిరిగి చెవులు మూసుకుంది.

“ఆగండి సార్! ఆపండి! చూడండి, అదే మళ్ళీ మొలిచింది!”

“అదే మొలిస్తే ఇంక ఆగడమేమిటి మేడమ్? పక్కకి జరగండి!” కసిరాడు డాక్టరు.

ఆమె ఉయ్యాలకు అడ్డంగా నిలబడి, రొప్పుతూ, పళ్ళేన్ని ఆయన ముక్కు దగ్గరికి చాచింది.

“ఈసారి సీసాలో ఉన్నది ఉత్త రసమే సార్! నేను ఏ బిడ్డ రక్తమూ కలపలేదు!”