మిగిలిన మాత్రలు

సన్యాసిరావు కొడుకుని భుజాన వేసుకుని, అరకు సంతలో తన కొట్టు ముందు జీపు కోసం కేకలేస్తున్నాడు. పిల్లాడి ఒళ్ళు కాలిపోతోంది.

ప్రతి సంతకీ చింతపండు తెచ్చి, దానికి మారుగా అతని దగ్గర ఉప్పూ, మాత్రలూ పట్టుకెళ్ళే సవరమ్మ దారికి అడ్డంగా నిలబడింది. కొంగుముడి విప్పి, రంగురంగుల మాత్రలు అతని త్రాసులో పోసింది.

"ఇయ్యి మింగించు బాబూ. ఏ జొరమైనా దిగిపోద్దని నువ్వే సెప్పినావు."

"మతి పోయిందేటే నీకు? ఏం జొరమో డాక్టరు సూడకుండా మాత్రలెలాగేత్తాను? పేణం మీదకి రాదూ?"

సవరమ్మ కదల్లేదు.

"ఆ డాక్టరు మాట పోయిన సంతనాడు నాకెందుకు సెప్పనేదు? ఇయ్యి జొరమొచ్చిన మా గుంటపిల్లకని నువ్విచ్చినయ్యే. సగం మింగీసరికే పోనాది."