అక్క చెప్పినట్టే

“వాసన సంగతి మళ్ళీ చెప్పు” అంది చెల్లెలు, బస్సు ఆసుపత్రి వీధిలోకి తిరుగుతుండగా.

“జుట్టు కాలిన వాసన. ఎన్నిసార్లు చెప్పించుకుంటావే బుడ్డీ?” అంది అక్క.

“నా కన్ను కాలుతున్న వాసన నా ముక్కుకే తెలుస్తుందన్నమాట. వింతగా లేదూ?”

“నీకన్నీ వింతలే. నాకైతే ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి అప్పుడు.”

బుడ్డి అన్నది చిన్నప్పటి సోడాబుడ్డి కళ్ళద్దాల వల్ల చెల్లెలికి వచ్చిన పేరు. ఇప్పుడు అక్క తప్ప ఎవరూ అలా పిలవరు. ఒకప్పుడు అక్కవీ అంత మందం అద్దాలే. మూడేళ్ళ కిందట ఎవరికీ చెప్పకుండా ఒక్కతే వెళ్ళి, లేజర్ ఆపరేషన్ చేయించుకున్నానంటూ నల్లకళ్ళజోడుతో తిరిగొచ్చింది. ఇంట్లోవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. ఇంజక్షన్ పేరెత్తితే మంచం కింద దూరే మనిషి మరి.

చెల్లెలు అగ్నిమాపక కేంద్రంలో ఫోన్ దగ్గర పనిచేస్తుంది. మంటలెక్కడో అడిగి తెలుసుకుని, గంట మోగించి, బండి దూసుకుపోతుంటే కిటికీలోంచి చూస్తుంది. ఆ బండి ఎక్కాలన్నది ఆమె కోరిక. పొగలో తొడుక్కునే ముసుగు కళ్ళద్దాల మీద సరిగా బిగుసుకోదు. అందుకని అద్దాలున్నవాళ్ళకి ఆ పని ఇవ్వరు. వచ్చే నెలలో ఒక ఖాళీ వస్తోంది. కళ్ళ పరీక్ష నెగ్గితే అది తనదే.

అక్క చేయించుకున్న ఆపరేషన్ కోసమే ఇదివరకోసారి ఈ ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది. నొప్పికి కాదు. భయం వేస్తే మనిషి కళ్ళు మూసుకుంటాడు. ఇక్కడ ఆ వీలు లేదు. కంటికి జరిగేదాన్ని ఆ కన్నే చూస్తూ పడుకోవాలి. అలా చూస్తున్నప్పుడు మనిషి లోపల ఏం జరుగుతుంది? అదే ఆమెకి అంతుబట్టలేదు.

“ఆ నిమిషంలో నువ్వేం ఆలోచించావక్కా?”

అక్క కాసేపు బస్సు కిటికీలోంచి బయటికి చూసింది. “లేచి పారిపోదామని.”

“మరెందుకు పారిపోలేదు?”

“పారిపోయొస్తే నీ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడనే?”

చెల్లెలు నవ్వింది. ఆ నవ్వుతో సగం బరువు దిగినట్టయింది.

ఆసుపత్రి వరండాలో, అప్పుడే లోపల్నుంచి వచ్చిన లారీ డ్రైవరొకాయన కళ్ళ మీద ప్లాస్టిక్ డిప్పలతో కూర్చుని అడక్కుండానే అందరికీ చెబుతున్నాడు. “నొప్పేం లేదమ్మా. జుట్టు కాలిన వాసనొస్తుంది, అంతే.”

“అచ్చం నువ్వు చెప్పినట్టే చెబుతున్నాడు” అంది చెల్లెలు.

“అందరిదీ ఒకటే కథ” అంది అక్క.

నర్సు వచ్చి పిలిచింది. “మీవాళ్ళు అద్దం అవతల నిలబడి చూడొచ్చు.”

“బాబోయ్, నేను పడ్డది చాలదా? మళ్ళీ చూడ్డం కూడానా” అంటూనే అక్క తలుపు దాకా చెయ్యి పట్టుకుని వచ్చింది.

“నీ చెయ్యేంటక్కా ఇలా చల్లబడింది?”

“నాది కాదు, నీదే. నడు నడు.”

లోపల అన్నీ అక్క చెప్పిన వరసలోనే జరిగాయి. చుక్కలు వేశారు. రెప్పలు మూతపడకుండా క్లిప్పు పెట్టారు. పైన దీపం, దాని మధ్యలో ఒక చుక్క. దాన్నే చూడమన్నారు. తెలిసిన వీధిలో నడుస్తున్నట్టుంది ఆమెకి. మలుపు ఎక్కడుందో ముందే తెలుసు.

ఉన్నట్టుండి కంటి మీద ఏదో గట్టిగా నొక్కుకుంది. దీపం ఆరిపోయినట్టు అంతా చీకటైంది.

“కాసేపు ఏమీ కనిపించదు. మామూలే. కదలకండి” అన్నాడు డాక్టరు.

ఈ మలుపు అక్క చెప్పలేదు. కాళ్ళు తమంతట తామే లేవబోయాయి. అప్పుడు మంచం కిందనుంచి బయటికి రానని మొండికేసిన అక్క జ్ఞాపకానికొచ్చింది. ఆ అక్క కూడా ఈ చీకట్లో పడుకుంది. ఒక్కతే, బయట తోడెవరూ లేకుండా. ఆ ఊహని పట్టుకుని చెల్లెలు కదలకుండా ఉండిపోయింది. మెల్లగా వెలుగు వచ్చింది. ఆ వెనకే వాసన.

ఇంటికొచ్చాక, కళ్ళల్లో ఇసక పోసినట్టు నీళ్ళు కారుతుంటే అడిగింది. “మధ్యలో అంతా చీకటైపోతుందని చెప్పలేదేం?”

అక్క చేతిలో దుప్పటి ఒక్క క్షణం ఆగింది.

“చెబితే వచ్చేదానివా?”

“వచ్చేదాన్ని కాదు.”

“మరి పడుకో.”

పొద్దున్నే మెలకువ వచ్చి చెయ్యి చాపితే పక్కమంచం ఖాళీగా తగిలింది. స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. అక్క వచ్చి కళ్ళ మీది డిప్పలు తీసింది.

చెల్లెలు కిటికీ వైపు చూసింది. తెరలో ఒక్కో పోగూ విడిగా ఉంది. ఎదుటి దుకాణం బోర్డు మీద పెచ్చు లేచిన రంగుంది. చెట్టంటే ఇన్నాళ్ళూ పచ్చటి ముద్ద. ఇప్పుడు ఏ ఆకుకా ఆకు కదులుతోంది. అలవాటుగా చెయ్యి ముక్కు మీదికి వెళ్ళింది. అక్కడ సర్దుకోవడానికేమీ లేదు.

“ఏమేం కనిపిస్తున్నాయే?”

“అన్నీ. నీ ముక్కు పక్కన మొటిమతో సహా.”

“ఇన్నాళ్ళూ నీకు కనపడక నా అందం నిలిచింది” అంది అక్క. “ఇంక నువ్వు ఆ బండెక్కొచ్చు. ఉండు, చుక్కలు వెయ్యనీ. కదిలావంటే ఒక్కటిస్తాను.”

కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. అక్క మందుసీసా పట్టుకుని మొహం మీదికి బాగా వంగింది. చెల్లెలు తన కొత్త కళ్ళు పెద్దవి చేసి పైకి చూసింది.

అక్క కళ్ళలో కాంటాక్ట్ లెన్సుల అంచులు సన్నగా మెరుస్తున్నాయి.