మూడో కంచం

"గిదేందయ్యా? దీనికి రెండు దిక్కులా మూతి ఉన్నది!"

కొమురమ్మ ఆ ఇత్తడి కూజాను అటూ ఇటూ తిప్పింది. ఎటు వంచినా నీళ్ళు రెండో మూతిలోంచి మన ఒళ్ళోనే పడేలా ఉంది.

"మంచి సామానే. హీరాలాల్ సేటు సగానికి సగం తగ్గించిండు" అన్నాడు లచ్చయ్య, కండువాతో చెమట తుడుచుకుంటూ.

"ఊకెనే ఇచ్చినా ఎవడు తీస్కపోతడు, నువ్వు తప్ప?"

"దుకాణంల ఉన్న గిన్నెలన్నీ తిరగేసి, ఏం కొనకుంట ఎట్ల వస్తనే? సేటు ఏమనుకుంటడు?"

సేటు ఏమనుకుంటాడో అని కొన్న సామాన్లతోనే ఇల్లు నిండిపోయింది. అడుగులేని కాఫీ ఫిల్టరు, పిడిలేని బొగ్గుల ఇస్త్రీపెట్టె, ఏ దొర ఊసిందో తెలియని పీక్‌దాను. ఊళ్ళో ఆయన పేరు ఎప్పుడో పాత సామాన్ల లచ్చయ్య అయిపోయింది. మోజు అనుకునేవాళ్ళు మోజు అనుకున్నారు, పిచ్చి అనుకునేవాళ్ళు పిచ్చి అనుకున్నారు.

పన్నెండేళ్ళ కింద, అరవై తొమ్మిదిలో, కాలేజీ చదివే కొడుకు పోశాలు తెలంగాణ ఊరేగింపుకని పట్నం పోయాడు. మళ్ళీ రాలేదు. లచ్చయ్య లెక్క ఒక్కటే. వాడు ఎక్కడున్నా ఎవరి పెళ్ళికో పోక తప్పదు. పోతే ఏదో ఒక గిన్నె చదివించక తప్పదు. చదివిస్తే దాని మీద పేరూ సంవత్సరమూ కొట్టించక మానడు. ఆ గిన్నె ఎప్పటికైనా పాత సామాన్ల దుకాణానికి రాక మానదు. అందుకే వారం వారం జనగామ, మానుకోట, మరిపెడ, గార్ల, బస్సు పోయే ప్రతిచోటా గిన్నెల మీద పేర్లు చదువుకుంటూ తిరిగేవాడు.

కొమురమ్మ ఎక్కడికీ తిరగలేదు. రెండు పూటలా మూడు కంచాలు పెట్టేది. "వాడొస్తే ఆకలితోని వస్తడు" అనేది. మూడో కంచంలో అన్నం పొద్దున కోళ్ళు తినేవి.

నిజానికి పోశాలు రాడని ఆమెకు తెలుసు. ఆ ఏడు వానాకాలంలోనే, లచ్చయ్య పొలంలో ఉన్నప్పుడు, కొడుకు దోస్తు ప్రతాప్ ఇంటికొచ్చి చెప్పాడు.

"అవ్వా, తూట తగిలింది. నా ఒళ్ళెనే పానం పోయింది. పీనుగను గూడ మాకియ్యలే."

ఆమె గట్టిగా ఏడవను కూడా లేదు. వాడి చెయ్యి పట్టుకుంది.

"పోశిగాని బాపుకు చెప్పనని ఒట్టెయ్యి బిడ్డా. గీ మాట ఇంటే ఆయన గుండె ఆగుతది."

ప్రతాప్ ఏదో అనబోయి ఆగాడు. తల దించుకుని ఒట్టేశాడు.

మూడో కంచం ఆ పూట నుంచే మొదలైంది. లచ్చయ్యకు అనుమానం రాకూడదు కదా.

ఇప్పుడు ఆయనకు దగ్గు పట్టుకుంది. దవాఖానలో డాక్టరు గట్టిగానే చెప్పాడు, ఇంకో ఎండాకాలం ఇట్లాగే బస్సుల్లో తిరిగితే మనిషి దక్కడని.

"జర గీ వారం ఆగరాదయ్యా."

"వాడు దొర్కినంక ఆగుత."

"దొర్కకపోతే?"

"అయితే ఇంట్ల కూసొని నీ మొఖం చూసుకుంట ఉండాల్నా?" అని కసిరి ఆయన దగ్గులో పడ్డాడు.

సోమవారం కొమురమ్మ, కండ్లు చూపించుకుంటానని చెప్పి జనగామ బస్సెక్కింది. ఒక పాత ఇత్తడి చెంబు కొన్నది. గిన్నెల దుకాణం మెట్ల మీద కూర్చుని పేర్లు కొట్టే మోతీ ముందు పెట్టింది.

"ఏం పేరవ్వా?"

"పోశాలు. కింద డెబ్బై తొమ్మిది అని కొట్టు."

మోతీ నవ్వాడు. "మళ్ళ పోశాలేనా! గీ నెల పోశాలుకే గిరాకీ ఉన్నది."

చిన్న ఉలితో టక్కు టక్కున చుక్కలు పెట్టాడు. పేరు అయిపోయాక చివర ఐదు చుక్కల పువ్వు ఒకటి కొట్టాడు.

"పువ్వెందుకు?"

"నా దస్కతు. గిది నేను తప్ప ఇంకెవడు కొట్టడు."

కొమురమ్మకు చదువు రాదు. వేలితో తడిమి చూసుకుంది. పువ్వు వేలికి బాగానే తగిలింది. చెంబుకు ఇంత మసి పూసి హీరాలాల్ దగ్గరికి తీసుకుపోయింది.

"గురువారం మా ఆయన వస్తడు సేటు. చేతికి అందేటట్టు పెట్టు."

సేటు ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. చెంబు తీసి ముందు వరసలో పెట్టాడు.

గురువారం మూడు గంటల బస్సుకు లచ్చయ్య వచ్చాడు. ఎప్పుడొచ్చినా వాకిట్లోంచే తెచ్చిన సామాను గొప్పలు మొదలుపెట్టేవాడు. ఈసారి తువ్వాలలో చుట్టినదాన్ని గుండెకు ఆనించుకుని గడపలో కూలబడ్డాడు.

"దొర్కింది" అన్నాడు.

"ఏం దొర్కింది?" కొమురమ్మ గొంతులోకి ఆశ్చర్యాన్ని తెచ్చుకుంది.

"మనోని పేరు. ఇగో, చెయ్యి పెట్టు."

తువ్వాల కొస తీసి ఆమె వేళ్ళను లోపలికి జరిపాడు. చుక్కలు తగిలాయి. చివర పువ్వు తగిలింది. అది మోతీ పువ్వే. పన్నెండేళ్ళుగా ఆపుకున్న ఏడుపు ఒక్కసారి బయటపడింది. ఆయన సంతోషమనుకుంటాడులే అని ఆపుకోలేదు.

"మొన్న మొన్నటిదే, శానేండ్లు గూడ కాలే. బతికే ఉన్నడే! యాడనో సంసారం చేసుకుంటున్నడు. మనమీద కోపమున్నదో ఏమో, రాకపోతే మానె. సల్లగుంటే సాలు."

"గంతేనయ్యా, సల్లగుంటే సాలు. ఇగ బస్సులెక్కవు గద?"

"ఎక్క. నువ్వు గా మూడో కంచం పెట్టకు."

"పెట్ట."

లచ్చయ్య కండువాతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అబద్ధమైతేనేం, మనిషి దక్కాడు అనుకుంది కొమురమ్మ. గూట్లో దాచుదామని ఆయన ఒళ్ళోంచి మెల్లగా అందుకుని, వాకిట్లో వెలుతురుకు వచ్చి తువ్వాల విప్పింది.

మళ్ళ పోశాలేనా అని మోతీ ఎందుకు నవ్వాడో అప్పుడు తెలిసింది. ఆమె పేరు కొట్టించింది చెంబు మీద; తువ్వాలలో ఉన్నది గ్లాసు.