వడ్రంగిపిట్ట అడగని మాట

మబ్బులు దిగివచ్చి చెట్ల నడుమ నిద్రపోయే అడవి అది. అక్కడ చిటారు కొమ్మన ఎండకు పెట్టిన గింజ మెల్లగా రెండు గింజలయ్యేది. గాలి వీస్తే కొన్ని రాలి కొట్టుకుపోయేవి. చెట్టు మొదట్లోని తొర్రలో పెట్టిన గింజ మాత్రం పెరిగేదీ కాదు, పోయేదీ కాదు.

అందరి గింజలూ దాచేది వడ్రంగిపిట్ట. వచ్చినవాళ్లను ఒక్కటే అడిగేది.

"మోదుగు ఇంకా ఎన్నిసార్లు పూస్తే గింజలేరే నీ కాళ్లు అలిసిపోతాయి?"

చెప్పినన్ని గంట్లు మానుమీద పొడిచేది. గింజలను ముందు చిటారు కొమ్మన పెట్టి, పూతపూతకూ కిందికి దించుతూ, ఆఖరి పూతకు తొర్రలో చేర్చేది.

ఒక పొద్దున ఉడుతా, తాబేలూ వచ్చి "నాలుగు పూతలు" అన్నాయి.

"గాలి వీచినప్పుడల్లా పైకి చూసి బెంగపడక్కర్లేదు. నాకిది చాలు" అని ఉడుత మూట ఇచ్చేసి, నాలుగు గంట్లు పడగానే ఇంటికి వెళ్లిపోయింది.

తాబేలు కదల్లేదు. "కాళ్లు అలిసిపోయాక ఎన్నాళ్లు బతుకుతానో అడగవా, పిట్టమ్మా?"

"అది ఎవరినీ అడగను, తాతా. అందరికీ ఒకటే పద్ధతి."

తాబేలు తన మూట విప్పింది. గింజలను రెండు సగాలు చేసింది.

"ఈ సగానికి నాలుగే పొడువు. ఆ సగానికి నలభై. నా కాళ్లు అలిసిపోయాక కూడా అది పెరుగుతూ ఉండాలి."

పిట్ట పొడవసాగింది. ఉడుత ఇంటికి చేరి, ఒక కునుకు తీసి లేచింది. ఆ చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.