భార్యననుకోండి

“నేను మంచానికి ఏ పక్కన పడుకుంటాను?”

“కిటికీ పక్కన,” అన్నాడు ఫిదెన్సియో.

“కిటికీ పక్కన పడుకునేది మీరు. నేను గోడ పక్కన. మళ్ళీ చెప్పండి.”

ఫిదెన్సియో విసుగ్గా కాఫీ కప్పు పక్కకు నెట్టాడు. డెబ్భై దాటాక పాఠాలు బుర్రకెక్కుతాయా? అందులోనూ దొంగపాఠం. ఈ రొసారియోకి కాగితాలు లేవు. ఎప్పుడో వచ్చింది, వీసా గడువు తీరినా ఉండిపోయింది. ఆయన కాగితాలున్నవాడు. పొలం కూలీలకు అమెరికా సర్కారు క్షమాభిక్ష పెట్టిన కాలంలోనే ఆయన గట్టెక్కాడు, ఆ తర్వాత పౌరసత్వమూ వచ్చింది. ఆయన భర్తనని సంతకం పెడితే ఈమెకీ కాగితాలు వస్తాయట. మొహమాటానికి ఎప్పుడో ఒప్పేసుకున్నట్టున్నాడు.

మొదట్లో ఆమె “నేను మీ భార్యని” అని మొదలుపెడితే ఆయనకు ఒళ్ళు మండి, చెప్పులు కూడా లేకుండా వీధిలోకి నడిచేశాడు. అప్పట్నుంచీ ఆమె “భార్యననుకోండి” అనడం మొదలుపెట్టింది.

“అబద్ధమని తేలితే జైల్లో పెడతారమ్మా.”

“మీరు తడబడకపోతే చాలు.”

“మా చాయోకి తెలిస్తే చీపురు తిరగేస్తుంది. ఇంతకీ ఏదీ అది?”

“బజారుకెళ్ళింది,” అంది రొసారియో, కప్పు కడగడానికి అటు తిరిగి.

ఆమె మీద ఆయనకు కోపమేమీ లేదు. పాలకూర పొలాల్లో కత్తి పట్టి పట్టి ఆమె వేళ్ళు వంకర్లు పోయాయి. అలాంటి చేతుల్ని చూస్తే ఆయనకు జాలి. పాపం, శ్రద్ధగా నేర్చుకుంది కూడా. కాఫీలో దాల్చినచెక్క వెయ్యాలనీ, చక్కెర వెయ్యకూడదనీ ఆమెకెవరూ చెప్పనక్కర్లేదు.

ఆయన ముద్దుగా చాయో అని పిలుచుకునే భార్యది వేరే అందం. నడుం దాటిన జడ, పొలం కూలీల బస్సు చివరి సీట్లోంచి డ్రైవరు దాకా వినబడే నవ్వు.

రొసారియో ఆయనకు ఇస్త్రీ చొక్కా తొడిగి, బూట్ల తాళ్ళు కట్టి, పాత ట్రక్కులో శాన్ హోసేలోని వలసల ఆఫీసుకి బయల్దేరదీసింది. పోలీసు బండి కనబడినప్పుడల్లా ఆమె చేతులు స్టీరింగు మీద బిగుసుకుంటున్నాయి.

“ఇన్నేళ్ళూ ఇలాగే నడిపావా?”

“ఇలాగే.”

“కాగితాలు రాకపోతే?”

“వెనక్కి పంపేస్తారు. వెళ్ళడానికి భయం లేదు. ఇక్కడ నా మీద ఆధారపడ్డ మనిషి ఒకరున్నారు. అదే దిగులు.”

ఎవరని ఆయన అడగలేదు. అడిగితే ఏడ్చేలా ఉంది. అబద్ధమైతే అయింది, ఒక ప్రాణి నిలబడుతుంది అనుకుని, “కిటికీ పక్కన నేను, గోడ పక్కన నువ్వు,” అని మళ్ళీ వల్లించాడు. రొసారియో నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

ఆఫీసరమ్మ స్పానిష్‌లోనే మాట్లాడింది. ఇద్దరిచేతా ప్రమాణం చేయించింది.

“ఈ సంతకం మీరు తెలిసే పెట్టారా? ఏం చేస్తున్నామో తెలియకుండా పెట్టిన సంతకం చెల్లదు.”

“తెలిసే పెట్టాను,” అన్నాడు ఫిదెన్సియో. పక్కనుంచి రొసారియో ఊపిరి వదలడం వినబడింది.

“పెళ్ళి పోయినేడాదే రిజిస్టరయింది. ఈ వయసులోనా?”

“ఎప్పట్నుంచో కలిసే ఉంటున్నామమ్మా,” అంది రొసారియో. “కోర్టు గుమ్మం ఎక్కడానికి నాకు భయం. ప్రతి ఎన్నికలకీ చట్టం మారుస్తాం, అందరికీ దారి చూపిస్తాం అన్నారు. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుందని కూర్చున్నాం. అది రాలేదు, మేం ముసలివాళ్ళమయ్యాం.”

ఎంత బాగా అప్పజెబుతోంది అనుకున్నాడు ఫిదెన్సియో.

“పిల్లలు?”

“ఒక్కడే. పురిట్లోనే పోయాడు. మాతేయో అని పేరు పెట్టుకున్నాం.”

ఫిదెన్సియో చటుక్కున తలెత్తాడు. ఆ పేరు ఎవరికీ తెలియదు. ఆయనా, చాయో, చిన్న తెల్లపెట్టె మీద మట్టి కప్పిన చర్చి ముసలాయనా తప్ప.

“ఆ పేరు నీకెవరు చెప్పారు?” లేచి నిలబడ్డాడు.

“కూర్చోండి... దయచేసి కూర్చోండి.”

“మంచం చెప్పమన్నావు, చెప్పాను. కాఫీ చెప్పమన్నావు, చెప్పాను. నా బిడ్డని కూడా వాడుకుంటావా?” ఆయన ఆఫీసరమ్మ వైపు తిరిగాడు. “ఈమె నా భార్య కాదమ్మా. ఇదంతా పాఠం. నా భార్య ఇంట్లో ఉంది.”

ఆఫీసరమ్మ కలం కింద పెట్టేసింది. రొసారియో ఏదో చెప్పబోయి, ఆ ముసలాయన ముఖంలోకి చూసి మానేసింది.

ఆ చూపుకి ఫిదెన్సియో కోపం చల్లారిపోయింది. “ఈమె చెడ్డది కాదు. నన్ను బాగా చూసుకుంటుంది. ఎలాగోలా కాగితాలు ఇచ్చెయ్యండమ్మా,” అన్నాడు.

“అది కుదరదు తాతగారూ.” ఆఫీసరమ్మ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. రొసారియోతో మాత్రం కటువుగా అంది: “దీని మీద విచారణ ఉంటుంది. ఊరు విడిచి వెళ్ళకండి.”

బయట ఎండ కళ్ళలో పొడుస్తోంది. ట్రక్కులో కూర్చున్నాక రొసారియో ఆయన ఒడి మీదుగా సీటు బెల్టు లాగి కట్టింది. తన సీట్లో కూర్చుని తాళం తిప్పకుండా అలాగే ఉండిపోయింది.

“నీకు కీడు చేశానా అమ్మా?”

“లేదు. మీరు ఎప్పుడూ అబద్ధం ఆడలేదుగా.”

“ఒక్క మాట. ఇవాళ్టి సంగతి మా చాయోకి చెప్పకు. ఇంకో ఆడదాని మొగుడినని చెప్పుకోడానికి ఇంతదూరం వచ్చానని తెలిస్తే దాని మనసు విరిగిపోతుంది.”

“చెప్పను,” అంది చాయో.