తెల్లబండల కాడ పిలుపు

కాకి దిగడం లేదు.

విస్తరి దగ్గర నుంచి అందరూ వెనక్కి జరిగి చాలాసేపయింది. మోదుగాకు విస్తట్లో అన్నం, కోడికూర, గుడాలు, పక్కన ముంతలో కల్లు, ఒక బీడీకట్ట. పోయినవాడికి ఏవేవి ఇష్టమో అన్నీ పెట్టారు. కాకులు లేకనా అంటే అవీ ఉన్నాయి. సున్నపురాతి బండ కొసన కూర్చుని విస్తరి వంకే చూస్తున్నాయి. ఒక్కటీ కిందికి రాదు.

గోదావరి ఒడ్డున అదొక మూల. తెల్లటి బండల మధ్యకు నీళ్లు చొచ్చుకొచ్చి, చారెడు ఇసుక మేట వేసి, అక్కడే నిలిచిపోతాయి. బట్టలుతికేవాళ్లు రారు, బర్రెలు దిగవు. బొగ్గుబాయిలో చీకటి చూసీ చూసీ, సెలవునాడు ఈ తెలుపు చూడటానికే వచ్చేవాడు సారవ్వ మొగుడు. నీళ్లలో కాళ్లు పెట్టుకుని పొద్దుగూకేదాకా ఊరికే కూర్చునేవాడు. మొన్న బాయిలో పైకప్పు కూలి అతడు పోయాక, పిట్టకు ముద్ద ఇక్కడే పెట్టాలని పట్టుబట్టింది ఆమే.

"రాయమల్లూ! రా తమ్మీ, తిను!" బాయిలో తోడు పనిచేసిన సదయ్య మళ్లీ పిలిచాడు. "నీ పెండ్లాన్ని ఆగం కానియ్యం. బాయి మీద పని ఇప్పిస్తనని సారు మాటిచ్చిండు. ఫికర్ జెయ్యకు, రా!"

కాకులు కదల్లేదు.

ఆ సారు కొంచెం ఎడంగా గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. పేరు లింగమూర్తి, బాయి ఆఫీసులో హాజరు రాసే గుమాస్తా. చూపుతోనే మనిషిని తూచేస్తాడని బాయంతా అతనంటే హడలు. చచ్చినవాడు ఫలానా, ఈమె వాడి భార్య అని రేపు అతను చెబితేనే సారవ్వకు పని. తల దాచుకుంటున్న క్వార్టరు నిలిచేదీ అప్పుడే. లేకపోతే ముసలి అత్తను వెంటేసుకుని రోడ్డున పడాల్సిందే.

ఆ అత్త ఐలవ్వ, కోడలి కొంగు పట్టి లాగింది.

"నా కొడుకు ఆకలితోని పోతుండే," అంది చెవిలో. "గా పేరుతోని పిలిస్తె ఎందుకొస్తడే? వాని పేరా అది?"

"అత్తా, నీ కాల్మొక్కుత, ఊకో. సారు ఇంటడు."

ఒకడి పేరు మీద ఇంకొకడు బాయిలోకి దిగడం ఆ చుట్టుపక్కల వింతేమీ కాదు. రాయమల్లు అనే అతను చీకటికి జడిసి ఊరికి పారిపోతే, ఆ పేరు చెప్పి ఆ పనిలో చేరాడు సారవ్వ మొగుడు. అప్పట్నుంచి బాయిలో రాయమల్లు, క్వార్టర్లలో రాయమల్లు, కల్లు దుకాణంలోనూ రాయమల్లే. దొరికితే తప్పు, దొరక్కపోతే బతుకు. ఇప్పుడు బయటపడితే మాత్రం చచ్చినవాడు కంపెనీ మనిషే కాకుండా పోతాడు.

"తల్లి ఉన్నదిగా," అన్నాడు లింగమూర్తి. "ఆమెను పిలువుమనుండ్రి."

ఐలవ్వ లేచింది. కోడలి మొహం చూసింది. నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది.

"రాయమల్లూ..."

కడుపున పుట్టినవాణ్ని పరాయి పేరుతో పిలిచి, ఇసుకలో కూలబడి గుండెలు బాదుకుంది. బండ మీంచి ఒక కాకి లేచింది. అది నీళ్ల మీదుగా మంచిర్యాల వైపు ఎగిరిపోయింది.

"ఇగ రాదు. నీళ్లల్ల కలుపుదాం," అంటూ సదయ్య విస్తరి ఎత్తబోయాడు.

"ఆగన్నా!"

సారవ్వ ముందుకొచ్చింది. పెళ్లయిన నాటి నుంచి మొగుడి పేరు ఆమె నోట రాలేదు. ఆడది మొగుడి పేరెత్తితే ఆయుష్షు తరుగుతుందని భయపెట్టి పెంచారు. ఇంకా తరగడానికి ఏం మిగిలింది గనక! పని పోతే పోనీ, రాళ్లు మోసి బతుకుతుంది. పెట్టిన మెతుకు ముట్టకుండా ఆయన వెళ్లిపోతే మాత్రం ఈ జన్మకు తన గొంతులో ముద్ద దిగదు.

"కొమురెల్లీ!"

పిలుపు బండలకు కొట్టుకుని తిరిగొచ్చింది. తన గొంతుకు తానే ఉలిక్కిపడింది సారవ్వ.

"కొమురెల్లీ, నేనే పిలుస్తున్న. రావయ్యా... తిను."

ఒక కాకి బండ మీంచి జారి, ఇసుకలో వాలింది. గెంతుకుంటూ వచ్చి కోడికూర ముక్క కరుచుకుంది. దాని వెనకే ఇంకొకటి.

ఐలవ్వ ఘొల్లుమంది. సదయ్య బిక్కమొహం వేసుకుని గుమాస్తా వంక చూశాడు. లింగమూర్తి గొడుగు మూసి, ఇసుకలో నడుచుకుంటూ సారవ్వ దగ్గరికి వచ్చాడు. ఆమె కళ్లు తుడుచుకుంది గాని తల దించలేదు.

"నువ్వు ఇన్నది నిజమే సారూ. నా పెనిమిటి పేరు కొమురెల్లి. పని ఇయ్యకుంటె మానె."

అతను కాకులు విస్తరి ఖాళీ చేసేదాకా వాటినే చూస్తూ నిలబడ్డాడు.

"రేపు పొద్దుగాల ఆఫీసుకు రా," అన్నాడు చివరికి. "రాయమల్లు పెండ్లాన్నని చెప్పు. మిగిలింది నేను చూసుకుంట."

సారవ్వకు అర్థం కాలేదు. అతను ఇంకాస్త దగ్గరికొచ్చి, సదయ్యకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"ఒక్క మాటియ్యి అక్కా. నేను సచ్చిననాడు సుత నువ్వొచ్చి, ముత్యం అని పిలువాలె. ఆ పేరు నా పెండ్లానికి సుత తెల్వది."