వంద డిగ్రీల తేడా

"వంద డిగ్రీలా! జ్వరం చూసి చెప్పినంత తేలిగ్గా చెబుతున్నావే!" ప్రొఫెసర్ ఆల్డెన్ పడీపడీ నవ్వాడు.

మారెన్‌కి నవ్వు రాలేదు. ఒక మాలిబ్డినం మిశ్రమంలో ఏ పరమాణువు పక్కదాన్ని ఎంత లాగుతుందో, ఎంత నెడుతుందో చెప్పే సూత్రం కోసం ఆమె నాలుగేళ్లు తల బద్దలు కొట్టుకుంది. దాంతో కంప్యూటర్లో లోహాన్ని వేడిచేస్తే, ఎప్పుడో ఆల్డెన్ లెక్కగట్టిన దానికంటే వంద డిగ్రీల ముందే కరిగిపోతోంది.

"నా సూత్రంలో తప్పు దొరకడం లేదు, ఆల్డెన్."

"అక్కడ కొలిమి నడిపే లూక్ నిజం లోహాన్నే కరిగించాడు. నా అంకెకి ఒక్క డిగ్రీ కూడా తేడా రాలేదు. సోమవారంలోగా నీ సూత్రం సర్దు. లేదంటే ఈ ఏడు నీ డాక్టరేట్ సంగతి మర్చిపో."

నాలుగేళ్ల కష్టం నీళ్లపాలయ్యేలా ఉంది. కానీ భయం కన్నా కుతూహలమే ఆమెను ఎక్కువ తొలిచింది. కొలతన్నాక కాస్త అటూ ఇటూ అవుతుంది. ఒక్క డిగ్రీ కూడా తేడా లేకుండా ఎలా?

సస్కటూన్ నగరపు మంచులో నడుచుకుంటూ, డోనట్ల పెట్టెతో పక్క భవనంలోని కొలిమి దగ్గరికి వెళ్లింది.

"లంచమా?" అన్నాడు లూక్, ఒకటి అందుకుంటూ.

"లంచమే. మీరు కరిగించిన ముక్కలో మలినాలేమైనా ఉన్నాయా?"

"చెక్ చేశాకే పెట్టాను."

"కొలిమిలోకి గాలి చొరబడిందేమో?"

"చొరబడనిస్తానా! నా కొలిమినే అనుమానిస్తున్నావా అమ్మాయ్?"

"అబ్బే. మరి ఆ పరికరం?"

అంత వేడిలో ఏ థర్మామీటరూ బతకదు. అందుకే కిటికీ అద్దంలోంచి లోహపు వెలుగు చూసి వేడి చెప్పే పరికరం పెట్టారు. లూక్ దాన్ని ముద్దుగా తట్టాడు.

"కొత్తది. బంగారంలాంటిది."

మారెన్ నీరుగారిపోయింది. అయితే తప్పు తన సూత్రానిదే. కోటు వేసుకుని తలుపు దాకా వెళ్లి, ఊరికే అడిగింది.

"కొత్తది కదా, సరిగ్గా చూపిస్తోందని నమ్మకమేంటి?"

"ముందు ఒక ముక్క కరిగించి, అది కరిగే క్షణంలో పరికరం సరైన అంకె చూపేలా సరిచేసి పెడతాను. ఆ తర్వాతే అసలు కొలత."

"ఏ లోహం ముక్క?"

"ఇదే. ఒక్కో లోహం వెలుగు ఒక్కోలా ఉంటుంది, వేరేదాంతో సరిచేస్తే కుదరదు."

"మరి ఇది ఎన్ని డిగ్రీలకు కరుగుతుందో మీకు ముందే ఎలా తెలుసు?"

లూక్ వేళ్లకంటిన పంచదార నాకుతూ ఆమెను వింతగా చూశాడు.

"మీ ఆల్డెన్ లెక్కగట్టి పెట్టాడుగా!"